ఐదూ ఇరవై ఒకటికి ఆగిన కంప్యూటర్

1987 సెప్టెంబర్ 14, సోమవారం. ఉదయం 9.40.

ఎమ్మిగనూరు చేనేత డిజైన్ కేంద్రంలో అసిస్టెంట్ సోమప్ప గది తాళం తీశాడు. కంప్యూటర్ ఆన్ చేశాడు.

స్క్రీన్ మీద నాలుగు లైన్లు పడ్డాయి. అయిదో లైను దగ్గర ఆగిపోయింది.

ఆపి మళ్లీ ఆన్ చేశాడు. మళ్లీ అక్కడే ఆగింది.

ఆపరేటర్ ఆంజనేయ రాలేదు. శనివారం సాయంత్రం నుంచి ఇంటికీ పోలేదు. ఏదో పనిమీద ఊరెళ్లి ఉంటాడనుకున్నారు ఇంట్లోవాళ్లు. కేంద్రం సైకిల్ కూడా కనిపించలేదు.

ఆ కంప్యూటర్‌లో మూడు వందల నలభై చీర అంచుల డిజైన్లున్నాయి. ఆ ఊరి ముసలి నేతగాళ్లు నోటితో చెబితే ఆంజనేయ రెండేళ్లు కూర్చుని ఎక్కించినవి. చెప్పినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఆ రోజే వాటిని చూడ్డానికి హైదరాబాద్ నుంచి ఆఫీసర్లు వస్తున్నారు. కేంద్రం ఉండాలా, మూసెయ్యాలా అన్నది వాళ్లే తేలుస్తారు.

పది గంటలకల్లా వీధిలో మాట పుట్టింది. ఆదోని పవర్‌లూమ్ వాళ్లకు డిజైన్లు అమ్ముకుని, కంప్యూటర్ తుడిచేసి, ఆంజనేయ పారిపోయాడట.

ఆ మాట అతని తండ్రి తిక్కయ్య చెవిన పడింది. చూపు మందగించి నాలుగేళ్ల క్రితం మగ్గం దిగిన మనిషి. మూడు వందల నలభైలో నూటపది అంచులు ఆయన చెప్పినవే. కట్టె పొడుచుకుంటూ కేంద్రం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అందరూ ఇనండప్పా. నాకు కొడుకు లేడు. ఈ పొద్దు నుంచి వాడు సచ్చినాడనే అనుకుంటా."

కోడలు బసమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "మామా, అంత మాట అనాకు. ఆయన అట్లాంటోడు కాదు."

తిక్కయ్య చెయ్యి విడిపించుకున్నాడు.

*

మధ్యాహ్నం 1.15కి కర్నూలు నుంచి ఇన్‌స్పెక్టర్ వాదిరాజ జీపు దిగాడు. పోలీసు వైర్‌లెస్ విభాగం మనిషి. హైదరాబాద్‌లో కంప్యూటర్లను నడిపించే యూనిక్స్ మీద ఏడాదిపాటు ట్రైనింగ్ అయ్యాడు. జిల్లాలో కంప్యూటర్ పేరు వినిపిస్తే డిపార్ట్‌మెంట్ ఆయన్నే పంపుతుంది.

ముందు సోమప్పను కూర్చోబెట్టాడు.

"శనివారం నువ్వు ఎన్నింటికి వెళ్లావు?"

"నాలుగ్గంటలకు సార్."

"అప్పుడు మెషిన్?"

"బాగానే నడుస్తాండె. ఆంజనేయన్న పని సేసుకుంటాండె."

"పొద్దున గది తీసినప్పుడు ఏమేం ఆన్‌లో ఉన్నాయి?"

"ఏం లేవు సార్." సోమప్ప ఆలోచించాడు. "ఫ్యాన్ ఒకటి తిరుగుతాండె."

"రెండు రోజుల నుంచా?"

"అదే నాకూ ఇచిత్రం సార్. ఆయన ఫ్యాన్ ఆపకుండా తాళం ఎయ్యడు. ఎప్పుడూ ఎయ్యలే."

వాదిరాజ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

"డిజైన్లు అమ్మేశాడని ఎవరన్నారు?"

సోమప్ప తల దించుకున్నాడు. "ఎవరో అన్యారు సార్. నేనూ అంటి."

వాదిరాజ మెషిన్ ముందు కూర్చున్నాడు. పవర్ నొక్కాడు. డిస్క్ తిరిగింది. లైట్లు వెలిగాయి. కరెంటు అందుతోంది. యూనిక్స్ లోడయింది. అక్కడివరకూ సరే. ఆ తర్వాత యూనిక్స్ మొట్టమొదట ఒక ప్రోగ్రామ్‌ను పిలవాలి. దాని పేరు ఇనిట్. మిగిలిన పనులన్నీ మొదలుపెట్టేది అదే. అది దొరకడం లేదు. కంప్యూటర్ ఆగిపోతోంది.

"మెషిన్ లేవకపోతే వేసే మీ రిపేర్ ఫ్లాపీ ఎక్కడ?"

జవాబు కేంద్రం సెక్రటరీ భీమసేనరావు ఇచ్చాడు. ఆదోనిలో లెక్కల మాస్టారుగా రిటైరైన పెద్దమనిషి. "రెండుండేవండి. ఇక్కడున్నది బూజుపట్టి పాడైంది. రెండోది ఆదోనిలో మా ఇంట్లో, బీరువాలో ఉంది."

"ఆ సంగతి ఆంజనేయకు తెలుసా?"

"ఎందుకు తెలియదు? ఇచ్చిందే అతను."

"శనివారం సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఇంట్లోనే. తొమ్మిదిన్నర దాకా మేలుకునే ఉన్నాను. ఆదివారం తెల్లవారుజామునే మంత్రాలయం వెళ్లాను. అటునుంచే ఆఫీసర్లను తీసుకుని ఇవాళ వచ్చాను."

"అదీ అతనికి తెలుసా?"

"చెప్పాను."

"శనివారం అతను మీ ఇంటికి వచ్చాడా?"

"రాలేదండి."

వాదిరాజ పెన్ను ఆగింది. ఒక్క క్షణం. మళ్లీ కదిలింది.

*

తన బ్యాగులోంచి సొంత ఫ్లాపీ తీశాడు. దానితో కంప్యూటర్‌ను లేపాడు. ఈసారి లేచింది. లోపలి డిస్క్‌ను అది ఇంకా తాకలేదు.

ముందు డిస్క్ తలకట్టు చదివాడు. డిస్క్ మీద ఆఖరిసారి రాత పడ్డ సమయం అందులో ఉంటుంది.

సెప్టెంబర్ 12. సాయంత్రం 5.21.

తర్వాత డిస్క్ తనిఖీ మొదలుపెట్టాడు. కంప్యూటర్ ఒక్కొక్క ప్రశ్నే అడిగింది. ఈ ఫైలు ఏ ఫోల్డర్‌దో తెలియడం లేదు, దాచమంటావా? దాచు. ఇది? ఇదీ దాచు.

యాభై నిమిషాలు పట్టింది.

దిక్కు తెలియని ఫైళ్లను యూనిక్స్ ఒక చోట పోగేస్తుంది. వాటి పేర్లు ఊడిపోయి ఉంటాయి. నెంబర్లే మిగులుతాయి. వాటిలో ఒకటి ఇనిట్. దాన్ని దాని చోట పెట్టాడు. ఫ్లాపీ తీసి కంప్యూటర్‌ను మళ్లీ స్టార్ట్ చేశాడు.

నాలుగు లైన్లు. అయిదోది. ఆరోది.

లాగిన్ అడిగింది.

సోమప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. ఆఫీసర్ల ముందే అంచులు లెక్కపెట్టారు. మూడు వందల నలభై. ఒక్కటీ పోలేదు.

"ఎవరూ ఏదీ తుడవలేదు," అన్నాడు వాదిరాజ. "తుడిస్తే ఫైళ్లు ఇలా మిగలవు. కంప్యూటర్ డిస్క్ మీద రాస్తూ ఉండగా కరెంటు ఆగిపోయింది. అంతే."

"మరి మనిషి యాడ సార్?" గుమ్మం దగ్గర నిలబడి బసమ్మ అడిగింది.

వాదిరాజ జీపెక్కి సబ్‌స్టేషన్‌కు పోయాడు. లాగ్ బుక్ తిప్పాడు. శనివారం పొద్దుటి నుంచి రాత్రి పదకొండు దాకా ఊళ్లో కరెంటు పోలేదు.

అయితే పోయింది ఆ ఒక్క కంప్యూటర్‌కే.

కేంద్రం ఎదురుగా హులిగమ్మ టీ అంగడి. అక్కడ ఆగాడు.

"శనివారం ఆంజనేయ వచ్చాడా?"

"వచ్చినాడు సార్. రెండు టీలు సెప్పినాడు. నాయనొచ్చినాడు, ఈ పొద్దు ఒకటి సూపిస్తానని నగుకుంటాండె."

"ఎన్నింటికి?"

"ఆదోనికి పోయే ఐదూ ఇరవై బస్సు నా అంగడి ముందర నిలబడింది. అది పోయిందాకా గ్లాసులు పట్టుకొని ఈడనే ఉన్యాడు."

"దాని తర్వాత ఆదోనికి బస్సులేవా?"

"యాడివి సార్? వారం నుంచి కల్వర్టు తెగి సుట్టూ తిరిగి పోతాండాయి. అదే ఆఖరిది."

"శనివారం వాన పడిందా?"

"ఆరున్నరకు మొదులైంది. వంకలూ వాగులూ పారినాయి."

సాయంత్రం ఏడవుతోంది. చీకటి పడింది. వాదిరాజ స్టేషన్‌కు పోయి, తెల్లవారేసరికి ఇద్దరు కానిస్టేబుళ్లు కావాలన్నాడు. బలమైన తాడు కూడా తెమ్మన్నాడు.

*

మంగళవారం ఉదయం 7.25.

ఆదోని రోడ్డు. పదకొండో మైలురాయి దాటాక తెగిన కల్వర్టు. పక్కనే వంకలోకి దింపిన మట్టిదారి. అడ్డంగా ఒక రాయి లేదు, ఒక ఎర్ర దీపం లేదు.

సైకిల్ ముందు కనిపించింది. తుమ్మకంపలో ఇరుక్కుని ఉంది.

మనిషి వంక వెంట ఇంకో అరవై గజాల దిగువన దొరికాడు.

వాదిరాజ టోపీ తీసి పక్కన పెట్టాడు. వంగి చొక్కా లోపల చూశాడు. పొట్టకు ఆనించి కట్టుకున్న ప్లాస్టిక్ కవరు. మూతి దారంతో మూడు చుట్లు చుట్టి ఉంది. విప్పాడు. లోపల మడతపెట్టిన మెత్తటి పాత చీరముక్క. పొడిగా ఉంది.

అంతకుమించి ఏమీ లేదు.

ఫ్లాపీ తడవకుండా తేవడానికి కట్టుకున్న కవరు. అందులో ఫ్లాపీ లేదంటే అతను వెనక్కి వస్తూ పోలేదు. వెళ్తూ పోయాడు.

*

బుధవారం ఉదయం 11 గంటలు. కేంద్రం గది.

అంత్యక్రియలు ముందురోజు సాయంత్రమే అయిపోయాయి. వాదిరాజ నలుగురినే పిలిపించాడు. భీమసేనరావు, సోమప్ప, బసమ్మ, తిక్కయ్య. తిక్కయ్య గోడకానుకుని నేలమీద కూర్చున్నాడు.

వాదిరాజ నోట్‌బుక్ తెరిచాడు.

"శనివారం సాయంత్రం 5.21కి ఈ కంప్యూటర్‌కు కరెంటు ఆగింది. మెషిన్ను డిస్క్ మీద రాయడానికి పెట్టి, ఆంజనేయ అప్పుడు టీ అంగడి ముందున్నాడు. సాక్షి ఉంది. ఆపింది అతను కాదు. తిరిగి వచ్చి చూశాడు. స్విచ్ వేశాడు. మెషిన్ లేవలేదు. ఆఖరి బస్సు పోయింది. తెల్లారితే సెక్రటరీగారు ఊళ్లో ఉండరు. సోమవారం ఆఫీసర్లు వస్తారు. ఫ్లాపీ కోసం సైకిల్ మీద ఆదోనికి బయల్దేరాడు. వాన. చీకటి. తెగిన దారి. అతను దేన్నీ దొంగిలించలేదు. దేన్నీ అమ్మలేదు. ఈ అంచుల కోసమే పోయాడు. రిపోర్టులో ఈ మాటే రాస్తున్నాను."

భీమసేనరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంట్లో ఫోనన్నా ఉంటే..."

"కంప్యూటర్ ఎట్లా ఆగింది సార్?" సోమప్ప అడిగాడు.

వాదిరాజకు ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. రాకపోతే బాగుండుననుకున్నాడు.

"నువ్వు చెప్పిన ఫ్యాన్. దాన్ని మనమెవరం పట్టించుకోలేదు. తొందరలో ఆంజనేయ ఆపకుండా పోయాడు, సోమవారం దాకా అది తిరుగుతూనే ఉంది. ఎవరో ఫ్యాన్ ఆపబోయి, పొరపాటున కంప్యూటర్ స్విచ్ ఆపారు. కంప్యూటర్ లోపల కూడా ఒక చిన్న ఫ్యాన్ ఉంటుంది. ఆ చప్పుడు ఆగింది. ఫ్యాన్ ఆగిందనుకుని వెళ్లిపోయారు. ఎవరన్నది ఈ కేసుకు అవసరం లేదు."

నోట్‌బుక్ మూశాడు.

"సోమప్పా," అన్నాడు తిక్కయ్య. "ఫ్యాన్‌ది మూడో స్విచ్చే గదా?"

సోమప్ప వాదిరాజ వైపు చూశాడు. వాదిరాజ తల అడ్డంగా ఊపబోయాడు. కానీ సోమప్ప నోటివెంట అప్పటికే మాట వచ్చేసింది.

"ముందర మూడోదే పెద్దాయనా. పోయిన నెల వైర్‌మ్యాన్ బోర్డు మార్చినాడు. ఇప్పుడు మూడోది కంప్యూటర్‌ది."

తిక్కయ్య కుడిచెయ్యి గోడమీద పాకింది. అక్కడ ఏ బోర్డూ లేదు.

"వాడు టీ తెస్తా, కూసో నాయనా అన్యాడు. ఒకటి సూపిస్తానన్యాడు. నాకు మబ్బు వాసన తగిలె. వానొస్తాదని లేస్తి. ఉత్తగా తిరుగుతాంది గదా అని ఫ్యాన్ ఆపి పోదామనుకుంటి. ఏళ్లతో ఎంచుకొని మూడోది ఒత్తితి. సద్దు ఆగిపాయె."

"మామా," అంది బసమ్మ.

"నేనే సార్."

"మీకు తెలీదు," అన్నాడు వాదిరాజ. "ఎవరికీ తెలీదు. స్విచ్ ఆపితే మెషిన్ పడింది. మనిషిని తీసుకుపోయింది ఆ రోడ్డు."

"సరే సార్. మరి నా నోరు?" తిక్కయ్య గొంతు పెరగలేదు. "వాడు వంకలో పడి ఉంటే, నేను బజార్లో నిలబడి కొడుకు లేడంటిని గదా. అది ఏ స్విచ్చుది సార్?"

బసమ్మ వచ్చి మామ పక్కన కూర్చుంది. ఆమె ఏడుపు ఇప్పుడు మొదలైంది. అప్పటిదాకా ఆమె ఏడవలేదని వాదిరాజకు అప్పుడే గుర్తొచ్చింది.

ఆమె ఏడుపు తగ్గాక తిక్కయ్యే అడిగాడు.

"వాడు ఏం సూపియ్యాలనుకున్యాడు సార్?"

వాదిరాజ స్క్రీన్ వైపు తిరిగాడు. పేరు ఊడిన ఫైళ్లలో ఒక అంచు ఉంది. మూడు వందల నలభైలో లేనిది. 5.21కి రాస్తూ రాస్తూ ఆగినది. నెంబరు 000417. దాన్ని ఆయన సోమవారమే చూశాడు. ఎవరిదో అర్థం కాలేదు.

"చదువుతాను, వినండి. మొదటి వరస. ఎరుపు నాలుగు పోగులు, తెలుపు రెండు, ఎరుపు నాలుగు. రెండో వరస..."

చదువుతూ పోయాడు. తిక్కయ్య బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద కదలసాగింది. పన్నెండు వరసలయ్యాయి.

"నిలపండి సార్. ఇది నాది కాదు. మా నాయనదీ కాదు. ఈ ఊర్లో ఎవరిదీ కాదు."

బసమ్మ తలెత్తింది. "ఆయనదే మామా. ఆర్నెల్ల నుంచి సేస్తాండె. నీకు సెప్పాకు అనె. నాయన ఇని సరే అంటేనే పేరు పెడతాననె."

తిక్కయ్య పెదవులు కదిలాయి. కొడుకు చేతిలో నేత లేదని, మీటలు నొక్కడమే వచ్చని ఆయన ఎన్నోసార్లు అన్నాడు. అదీ అందరి ముందే.

"సదవండి సార్."

పదిహేడో వరస దగ్గర ఆయన చెయ్యెత్తాడు. "ఈడ తప్పినాడు. ఐదు కాదు, ఆరు ఉండాల. లేకుంటే పువ్వు ఒంగిపోతాది."

"ఐదే ఉంది."

"తప్పినాడు," అన్నాడు మళ్లీ, మెల్లగా. "కానీండి సార్. ముందుకు పోండి."

పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. వేళ్లు ఆగాయి. వెనక్కి వెళ్లాయి. మళ్లీ పదిహేడు దగ్గర నుంచి లెక్కపెట్టాయి. ముసలాయన ముఖం పక్కకు వాలింది.

"తప్పలేదు సార్. ఒంగాలనే ఐదు పెట్టినాడు. గాలికి ఒంగిన పువ్వు అది."

వాదిరాజ ఆ ఐదు పోగుల వరసను మరోసారి చూశాడు.

"ఇంకా ఉందా సార్?"

"ఇంకో తొమ్మిది వరసలు. ఆ తర్వాత లేదు. అక్కడే ఆగింది."

"ఆ తొమ్మిదీ సదవండి," అన్నాడు తిక్కయ్య. "నిదానంగా."