తొమ్మిదో ఫ్లాస్కు

ల్యాబ్ తలుపు తెరుచుకుంది. సైలెన్సర్ పిస్తోలు ఒక్కసారి దగ్గింది. రియాక్షన్ల డేటాబేస్ ఆఫీసులో వెరిఫైయర్ చేతిలోని ఫ్లాస్కుతో సహా నేలకూలాడు.

మర్నాడు పొద్దున్నే చీఫ్, ఏజెంట్ ముల్లును పిలిపించాడు.

"నీకు కెమిస్ట్రీ వచ్చా?"

"రెండుసార్లు తప్పాను సర్."

"చాలు. దేనితో ఏది కలపాలో, ఎంత వేడిలో కలపాలో ఫ్యాక్టరీలన్నీ ఆ డేటాబేస్ చూసే తెలుసుకుంటాయి. ఎవరు ఎంట్రీ మార్చినా, వెరిఫైయర్ చిటికెడు సరుకుతో చేసి చూస్తేగానీ ఓకే చెయ్యడు. అందుకే చంపారు. అతని పాస్‌వర్డ్‌తో ఫ్యాక్టరీకొకటి చొప్పున నలభై ఎంట్రీలు మార్చారు. ముప్పైతొమ్మిది ఉత్తుత్తివి. ఒక్కటి మాత్రం పేలుతుంది."

"ఏది?"

"పాత పేపర్లతో పోల్చేసరికి సాయంత్రమవుతుంది. బ్యాచులు పదింటికే మొదలు. నలభై ఫ్యాక్టరీలూ ఆపితే ఆసుపత్రుల్లో మందులుండవు, శత్రువుకి అదీ పండగే. మార్చింది మన సీతాకోక. ఎయిర్‌పోర్టులో దొరికింది."

సీతాకోక ఆ డేటాబేస్ ఆఫీసులో ఎడిటర్. ఎర్రటి లిప్‌స్టిక్, ఎత్తుమడమల చెప్పులు, ఇద్దరు యజమానులు. శత్రువు గుట్టు చీఫ్‌కి, చీఫ్ గుట్టు శత్రువుకి అమ్ముకునేది.

"ఇంకోటి. మీ చెల్లి ఫ్యాక్టరీ కూడా ఆ నలభైలో ఉంది."

ముల్లు ఫోన్ తీశాడు. "దాన్ని బయటికి రమ్మంటాను సర్."

"కబురు పొక్కితే నలభై ఫ్యాక్టరీలూ ఆగిపోతాయి. ఫోన్ ముట్టుకున్నావంటే నిన్నే కాల్చాల్సొస్తుంది."

ముల్లు చనిపోయినవాడి తెల్లకోటు తొడుక్కున్నాడు. అదే ల్యాబులో సీతాకోకను కుర్చీకి కట్టించాడు. ఆమె ముందు బల్లమీద ఎంట్రీకొకటిగా నలభై ఫ్లాస్కులు, ఒక్కోదాని పైన ఒక్కో గొట్టం. తను రిమోట్ పట్టుకుని అద్దం అవతలికి వెళ్లాడు.

"కొత్త వెరిఫైయర్ని మేడమ్. మీరు మార్చినట్టే చేసి చూద్దాం. పేలేది ఏదో చెబితే వదిలేస్తాం. చీఫ్ మాట."

"నీకంత ధైర్యం లేదులే," నవ్విందామె.

మొదటి ఫ్లాస్కు. రెండోది. సీతాకోక ఆవులించింది. గడియారం పదికి దగ్గరపడుతోంది. ముల్లుకు చెల్లెలి మొహమే కనిపిస్తోంది. మైకు నొక్కాడు.

"తొమ్మిదోది. ఐసు అక్కర్లేదు, వేడిచేసి ఒక్కసారే పోయాలి."

ఆవలింత సగంలో ఆగిపోయింది.

"ఆగు! పొయ్యకు! ఐసు మీద చుక్కచుక్కగా పొయ్యాలి! అదే, ఆ ఒక్కటే!"

ముల్లు రిమోట్ పడేసి ఫోన్ అందుకున్నాడు. తొమ్మిదోది చెల్లి ఫ్యాక్టరీదే. అక్కడ వాల్వు తిప్పబోతున్న ఫోర్‌మన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు ముల్లు లోపలికొచ్చి తొమ్మిదో ఫ్లాస్కు ఎత్తి గటగటా తాగేశాడు.

"మంచినీళ్లు మేడమ్. నిజమనిపించే వాసనకని నేలమీద కాస్త ఈథర్ ఒలికించాం."

కట్లు విప్పి, హ్యాండ్‌బ్యాగు చేతికిచ్చి, గేటు దాకా తీసుకెళ్లాడు. ఎదురుగా నల్లకారు ఆగి ఉంది. ఆమె నోరు మూయించడానికి రెండో యజమాని మనుషులు పొద్దున్నించీ అందులోనే కాచుకున్నారు.

"నన్ను అరెస్టు చెయ్యండి! బేడీలు వెయ్యండి, ప్లీజ్!"

"వదిలేస్తామని మాటిచ్చాం కదండీ."

వాచ్‌మన్ గేటు వేశాడు. ముల్లుకు జాలి కలగలేదు. కోటుమీద వెరిఫైయర్ రక్తం అట్టకట్టి ఛాతీకి గుచ్చుకుంటోంది. వీధిలో సైలెన్సర్ మళ్లీ దగ్గింది.

ఫోన్ మోగింది. చెల్లి.

"అన్నయ్యా, ఎవడో తలమాసినవాడు ఫోన్ చేసి మా బ్యాచ్ ఆపించేశాడు. పొద్దుటి చాకిరీ అంతా వేస్టు! నీకు తెలిసినవాడేనా?"

"తెలుసే," అన్నాడు ముల్లు. "కెమిస్ట్రీ రెండుసార్లు తప్పాడు."