గాజుగదిలో గాలి

"లోపల ముగ్గురుంటారు. నువ్వు, డాక్టర్ ప్రియదర్శిని, ఇంజనీర్ ప్రవీణ్ కుమార్. ఆ ఇద్దరిలో ఒకరు విదేశీ ముఠా మనిషి."

"ఎవరు సార్?" అన్నాడు ఏజెంట్ కాటమరాజు.

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?" అని ఫైలు మూసేశాడు చీఫ్ వినయ్ కుమార్.

మార్కాపురం దగ్గర పాడుబడ్డ పలకల గనిలో కట్టిన గాజు కట్టడం అది. రేపు చంద్రుడి మీద మనుషులు బతకబోయే గదికి నమూనా. ఒకసారి తలుపు మూస్తే తొంభై రోజులు బయటి గాలి రాదు. మొక్కలు వదిలే ఆక్సిజనే మనుషులకు ఊపిరి. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడే మొక్కలకు మేత. లోపలివాళ్ల ప్రాణాలు తీసైనా ఆ ప్రాజెక్టు మూయించాలని ముఠా పథకం.

తోటమాలి నరసయ్య వేషంలో లోపలికి వెళ్లిన కాటమరాజు, నలభై రోజులు పాలకూరకూ టమాటాలకూ నీళ్లు పెట్టాడు. ప్రియదర్శిని తెల్లకోటులో కూడా సినిమా తారలా ఉండేది. ఆమె పలకరించి నవ్వినప్పుడల్లా అతను ఆ నవ్వు వెనక ఏముందో వెతికేవాడు. భోజనాల బల్ల దగ్గర ముగ్గురి మధ్యా ఫ్యాన్ల హోరు తప్ప మాట ఉండేది కాదు. మనసు బరువెక్కి ఒకసారి టమాటా మొక్కతో మాట్లాడబోయాడు. మైకు దాచి ఉంటారేమోనని అదీ మానుకున్నాడు.

నలభై ఒకటో రోజు పొద్దున ప్రవీణ్ కుమార్ కడుపు పట్టుకుని కూలబడ్డాడు. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ మీద బయటికి మోసుకుపోయారు. తలుపు మూసుకుంది.

గంటలో కాటమరాజుకు తల పగిలిపోయే నొప్పి. ఆయాసం. గోడమీద మీటరు మాత్రం గాలి బ్రహ్మాండంగా ఉందంటోంది. వాచీలో దాచిన ట్రాన్స్‌మిటర్ మూగబోయింది.

మొక్కల మడికి వాడే సున్నం నీళ్లలో కలిపి తేర్చాడు. ఆ తేట నీళ్లను పళ్లెంలో పోసి కదిలించాడు. చూస్తుండగానే పాలలా తెల్లబడ్డాయి.

మీటరు అబద్ధం చెబుతోంది. గది నిండా కార్బన్ డయాక్సైడ్!

యంత్రాల మూలకు పరుగెత్తాడు. అక్కడ ప్రియదర్శిని, చేతిలో స్పానర్. ఆమె మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు.

"నేనే గాలి పాడుచేస్తే, ఆ గాలే పీలుస్తూ ఇక్కడెందుకుంటాను?" అంది రొప్పుతూ.

అతని పట్టు సడలింది.

"మూడేళ్లుగా ముఠా మనిషిగా నటిస్తూ మనవాళ్లకు పనిచేస్తున్నాను. ప్రవీణ్ వాళ్లవాడని ఇప్పుడే అర్థమైంది. మొక్కలకిచ్చే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లన్నీ తెరిచి, పిడులు విరగ్గొట్టాడు. తలుపు తెరుచుకోవడం లేదు. కంట్రోల్ రూముకు ఫోన్ పోవడం లేదు. అక్కడి తెర మీదా ఇదే దొంగ అంకె."

ఇద్దరూ కలిసి స్పానర్‌తో ఒక్కో సిలిండరూ బిగించారు. ఆరోది మూసేసరికి ఆమె మోకాళ్ల మీద పడిపోయింది. కానీ గదిలో నిండిన గ్యాస్‌ను మొక్కలు తాగాలంటే రోజులు పడుతుంది. వీళ్లకున్నవి నిమిషాలు.

అప్పుడు గాజు అవతల దుమ్ము తుడుస్తూ రాములమ్మ కనబడింది. పుల్లలచెరువు నుంచి పనికొచ్చే ముసలమ్మ. అరిస్తే వినపడదు, రాసి చూపుదామంటే ఆమెకు చదువు రాదు. కాటమరాజు నేలమీద చతికిలబడి తిరగలి విసురుతున్నట్టు చేతులు తిప్పాడు. బయట చక్రం ఉన్న తలుపు చూపించాడు. ఆమె బోసినోటితో నవ్వింది. మళ్లీ తిప్పాడు. కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి. నవ్వు ఆగింది. ముసలమ్మ తలుపు వైపు పరుగు తీసింది.

తలుపు చక్రానికి అడ్డంగా ఇనపకడ్డీ. అది ఊడి పడిన అదురు నేలకానిన అతని చెంపకు తగిలింది. చక్రం తిరిగింది. దుమ్మూ ఎండా మేకల వాసనా కలిసిన గాలి లోపలికి దూకింది.

"ఏంది నాయనా ఇది! ఆ కడ్డీ ఎవురు పెట్టినారు? నువ్వు ఆటాడతాండావనుకుంటిని." రాములమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుంది. "లేయబాకు, అట్లనే పండుకో. ఆ పాప ఊపిరి తీసుకుంటాంది లే."

నలభై రోజుల తర్వాత తనను ఒక మనిషి ఆప్యాయంగా ముట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్యాస్ వల్లేననుకున్నాడు.

గిద్దలూరు స్టేషన్లో రైలెక్కబోతూ ప్రవీణ్ దొరికాడు. అతని ఫోన్‌తో తలుపుకు కడ్డీ పెట్టిన ఆ స్ట్రెచర్ మనుషులతో సహా ముఠా మొత్తం దొరికింది.

"ఆమె మన మనిషని నాకెందుకు చెప్పలేదు సార్?" అని కాటమరాజు ఫోన్లో అడిగాడు.

"రెండువైపులా తిరిగే మనిషి, నిజంగా ఎవరి పక్షమో నాకే నమ్మకం లేదు. నీ గురించి ఆమెకూ చెప్పలేదుగా!" అన్నాడు చీఫ్.

మర్నాడు మార్కాపురం బస్టాండులో ఇద్దరూ టీ తాగారు.

"మీ అసలు పేరు?" అందామె.

"చెప్పే అధికారం లేదు. మీది?"

"నాకూ లేదు."

ఒంగోలు బస్సు ఆమెది, కర్నూలు బస్సు అతనిది. రెండూ సరిగ్గా టైముకే వచ్చాయి. అందుకు బాధపడినవాళ్లు ఆ బస్టాండు మొత్తానికి ఇద్దరే.