ముందు బ్రేకులు వేసింది నేనే

శనివారం ఉదయం నార్మన్ ఆల్సప్ రొట్టె కాల్చి, వెన్న రాసి, నారింజ జామ్ పూసి, ముక్కలుగా కోసి భార్య ముందు పెట్టాడు. గ్వెన్ కుడిచేతికి పిండికట్టు ఉంది. పన్నెండు రోజులుగా ఆమె ఎడమచేత్తోనే తింటోంది.

"మరీ అంత చిన్నగా కొయ్యకు నార్మన్. పిచ్చుకలకి వేస్తున్నట్టుంది," అందామె.

అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఆ కట్టుకేసి చూడకుండా జామ్ సీసా మూత బిగించాడు.

పెరట్లో గరాజులో ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు ముక్కు చితికి పడి ఉంది. డెర్బీషైర్ జిల్లాలోని ఆ చిన్న ఊళ్ళో ముప్పై ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక నార్మన్ ముచ్చటపడి కొనుక్కున్న కారు అది. రెండు వారాల క్రితం దానికి కొత్త బ్రేకులు ఇంట్లోనే వేశారు. హార్డ్‌విక్ షెడ్డులో మెకానిక్కుగా పనిచేసే కూతురు హెస్టర్ సాయం వచ్చి, వెనక చక్రాలవి వేసింది. మర్నాడు గ్వెన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చర్చి వాలు దిగుతుంటే బ్రేకు పెడల్ నేలదాకా దిగిపోయింది. కారు రాతిగోడను గుద్దింది.

"హెస్టర్ని హార్డ్‌విక్ బ్రేకుల పని ముట్టుకోనివ్వట్లేదట," అంది గ్వెన్. "టైర్లకి గాలి కొట్టిస్తున్నాడట. నాకూ దానిమీద కోపం ఉంది, లేదనను. కానీ దీనికోసమా అది నాలుగేళ్ళు పని నేర్చుకుంది?"

నార్మన్ ఆమె కప్పులో టీ పోశాడు. ప్రమాదం జరిగిన రెండోరోజు పబ్బులో ఎవరో అడిగితే, "అమ్మాయి చెయ్యి కూడా పడిందిగా మరి," అన్నాడు. అంతే, ఒక్క మాట. అది ఊరంతా తిరిగి, చివరికి హార్డ్‌విక్ షెడ్డుకి చేరింది.

అప్పుడే గరాజు తలుపు చప్పుడైంది. నార్మన్ గబగబా వెళ్ళాడు. హెస్టర్ అప్పటికే కారును జాకీ మీదికి ఎత్తేసింది.

"ఇన్సూరెన్సు వాళ్ళు చూసేదాకా ముట్టుకోవద్దన్నానా?"

"పన్నెండు రోజులుగా నాకు నిద్ర లేదు నాన్నా. నేనెక్కడ తప్పు చేశానో నా కళ్ళతో చూసుకోవాలి."

వెనక చక్రాలు రెండూ ఊడదీసి చూసింది. ఆమె వేసిన బ్రేకులు వేసినట్టే ఉన్నాయి. ముందుకి వచ్చి ఒక్క క్షణం ఆగింది. చక్రం నిండా ఎండిన బురద. దాని నట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. వాటిని వేలితో తడిమి, చక్రం ఊడదీసింది.

"ఇటు రా నాన్నా. గాలి బయటికి తీసే మర ఎక్కడుంది?"

అతను వంగి చూశాడు. ఆమె వేలు పెట్టి చూపించింది.

"కింద ఉంది. పైన ఉండాల్సింది. కుడివైపు వేసేది ఎడమకి, ఎడమది కుడికి వేశావు. బ్రేకు నూనెలోని గాలంతా పైన చిక్కుకుపోయింది. గాలి పైకే పోతుందని ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పినవాడివి కదా నువ్వు!"

"పెడల్ కాస్త మెత్తగా అనిపించింది. కొత్తవి కదా, సర్దుకుంటాయనుకున్నా..."

"ముందువి కూడా నేనే వేస్తానంటే ఏమన్నావు? 'నీకు స్పానర్ పట్టుకోవడం నేర్పిందే నేను, ఇంక నువ్వు ఇంటికి పో' అన్నావు. సరే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కానీ ఈ నట్లు... గోడని గుద్దాక నువ్వీ చక్రం విప్పి చూశావు. అవునా?"

నార్మన్ అవునన్నట్టు తల ఊపాడు.

"ఎప్పుడు?"

"మర్నాడే."

"చూసి, మళ్ళీ బిగించేశావు."

ఆమె అరిచినా బాగుండేదనిపించింది అతనికి. వెనకనుంచి అడుగుల చప్పుడు వినపడింది. ఇంటి చెప్పులతోనే గ్వెన్ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆస్పత్రిలో ఈ చెయ్యి పట్టుకుని నాతో ఏమన్నావు నార్మన్?" అందామె నెమ్మదిగా. "'పిల్లమీద కోప్పడకు, చిన్నది, తెలియక చేసింది' అన్నావు. ఎంత మంచి తండ్రో అనుకున్నాను. ఆ మాట నమ్మి, పిల్ల ఫోన్ చేస్తే తియ్యలేదు నేను."

"అప్పటికి నాకు తెలియదు గ్వెన్..."

"తర్వాత తెలిసింది కదా! తెలిశాక పదకొండు రోజులు నాకు రొట్టెలు కోసి పెట్టావు."

గ్వెన్ అతన్ని దాటుకుని వెళ్ళి, గ్రీజు చేతులతో నిలబడ్డ కూతుర్ని ఒంటిచేత్తో దగ్గరికి లాక్కుంది. తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఏడ్చారు. నార్మన్‌కి అక్కడ నిలబడే అర్హత లేదనిపించింది. కోటు తగిలించుకుని వాలు దిగి నేరుగా షెడ్డుకి నడిచాడు.

హార్డ్‌విక్ ఒకప్పుడు అతని శిష్యుడే. బండ్లు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు అయిదారుగురు అక్కడున్నారు. వాళ్ళలోనూ సగం మంది అతని దగ్గర చదువుకున్నవాళ్ళే.

"రండి సార్, టీ తాగుతారా?"

"వద్దు బాబూ. ముందు బ్రేకులు వేసింది నేనే. తలకిందులుగా వేశాను. హెస్టర్ వేసినవి సరిగ్గానే ఉన్నాయి. తెలిసీ ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. దాన్ని దాని పనిలో మళ్ళీ పెట్టు." అతను వెళ్ళబోతూ ఆగాడు. "ఈ మాట దాచకు. ఎవరడిగినా చెప్పు."

వాళ్ళలో ఒకతను ముఖం పక్కకి తిప్పుకున్నాడు. హార్డ్‌విక్ గుడ్డతో చేతులు తుడుచుకుని, "సోమవారం ఉదయం నేనే హెస్టర్‌కి క్షమాపణ చెప్పుకోవాలి సార్," అన్నాడు.

ఇంటికి తిరిగొచ్చేసరికి హెస్టర్ ముందు బ్రేకులు రెండూ విప్పి, సరైన చోట బిగించేసింది. గ్వెన్ గరాజు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"హార్డ్‌విక్‌తో చెప్పి వచ్చాను. అందరి ముందూ," అన్నాడు నార్మన్.

"మంచిది," అంది గ్వెన్, అతనికేసి చూడకుండా. "నీతో నేను తర్వాత మాట్లాడతాను."

హెస్టర్ డ్రైవరు సీటు వైపు చెయ్యి చూపించింది.

"ఎక్కు. గాలి తియ్యాలంటే ఒకళ్ళు పెడల్ తొక్కాలి. నేను చెప్పినట్టు మాత్రమే చెయ్యాలి. తెలివి చూపించకు."

"చూపించను."

ఆమె చక్రం దగ్గర కూర్చుని మర వదులు చేసింది. "తొక్కు. అలాగే పట్టుకో." సన్నటి గొట్టంలో బుడగలు గుడగుడమంటూ బయటికి వచ్చాయి. ఆమె మర బిగించింది. "ఇప్పుడు వదులు. మళ్ళీ తొక్కు."

అలా పదిసార్లు, ఇరవైసార్లు. ఒక్కో తొక్కుడుకీ కాలి కింద పెడల్ గట్టిపడుతూ వచ్చింది. నార్మన్ కళ్ళు మసకబారాయి. స్టీరింగ్ మీద తల ఆనించి, డెబ్బై ఏళ్ళ మనిషి, చప్పుడు లేకుండా ఏడ్చాడు. కాలు సడలింది.

"నాన్నా, వదలమన్నానా నేను?" కింద నుంచి హెస్టర్ గొంతు వినపడింది. ఆ గొంతులోనూ తడి ఉంది. "గట్టిగా పట్టుకో. నేనిక్కడే ఉన్నాను."