కాళ్ళకు నీళ్ళు

పత్రికలో విలేకరిగా చేరిన కొత్తలో ప్రేమానందం బతికున్నవాళ్ళ వెంట తిరిగాడు. పుస్తకాలు రాయడం మొదలుపెట్టాక పోయినవాళ్ళ వెంట పడ్డాడు. పోయినవాళ్ళే నయం, ఇవాళ చెప్పినమాట రేపు కాదనరు అని భార్య తాయమ్మతో నవ్వేవాడు.

మంచుకొండలు దాటి లాసా దాకా నడిచిన ఒక యాత్రికుడి జీవితం రాశాడు. ఇసుకలో పూడిపోయిన పట్నాన్ని తవ్వి తీసిన ఇంకొకాయన జీవితం రాశాడు. ఇంతలో నలభైరెండో సంవత్సరం వచ్చింది. జపానువాళ్ళు బాంబులు వేస్తారన్న భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది. ప్రేమానందం కూడా పత్రిక ఉద్యోగానికి నమస్కారం పెట్టి, పెట్టెలు సర్దుకుని, భార్యతో కార్వేటినగరం చేరాడు. పాత మహలు వెనక వీధిలో చిన్న ఇల్లు అద్దెకు దొరికింది. మూడో పుస్తకం అక్కడే మొదలుపెట్టాడు. ఆ చుట్టుపక్కల కొండల్లో రాతి సమాధులు తవ్విన దొరస్వామి మొదలియార్ జీవితం అది.

ప్రేమానందానికి రెండు అలవాట్లున్నాయి. ఎవరి గురించి రాస్తే వాళ్ళు పనిచేసిన చోటికి పోయి, ఎదురుగా కూర్చున్నట్టే వాళ్ళను పైకి ప్రశ్నలడిగేవాడు. పిచ్చివాడంటారని తాయమ్మ బెదిరించినా మానలేదు. ఇక రెండోది విలేకరితనం నేర్పిన మర్యాద. ఏ గడప దిగినా చేతులు జోడించి, "వస్తానండి. మా ఇంటికి ఒకసారి రండి" అనేవాడు. ఆ మాట అన్నాక తన ముందు మూసుకున్న తలుపు లేదని అతని గర్వం.

పుస్తకం చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయింది. ఏళ్ళ తరబడి సమాధులు తవ్వినవాడు, ఒకదాన్ని సగంలో వదిలేసి చిత్తూరు వెళ్ళిపోయి, సొంత పెరట్లో బావి పూడ్పించాడు. చచ్చేదాకా మళ్ళీ పార ముట్టలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అడుగుదామని ప్రేమానందం చిత్తూరు పోయాడు. మొదలియార్ భార్య చంద్రకాంతమ్మ అతన్ని వసారా దాటి లోపలికి రానివ్వలేదు. చాలాసేపు చీరకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"తవ్వకం వదిలేసిన పొద్దు మా ఆయన ఇంకా ఇల్లు చేరలేదు నాయనా," అంది చివరికి. "పెరటి తలుపు కాడికి ఎవరో వచ్చినారు. మా ఆడబిడ్డ దేవకమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది, కాళ్ళు కడుక్కోమని. నేను పొయ్యి కాడ ఉండాను. పెరట్లో మా ఆయన గొంతు వినిపించింది. దేవకి 'అట్లే, వస్తాను' అనింది. అంతే. చెంబు ఉండాది, మనిషి లేదు. బావంతా దేవినారు. మా ఆయన ఇంటికొచ్చింది ఆ తర్వాత."

ఆడబిడ్డ బావిలో పడి ఉంటుంది, దుఃఖంలో ఈమెకు ముందు వెనకలు కలిసిపోయి ఉంటాయి అనుకున్నాడు ప్రేమానందం. లేచి, అలవాటు ప్రకారం, "వస్తానమ్మా. మా ఇంటికి ఒకసారి రండి" అన్నాడు. ఆమె అతని ముఖం చూడకుండా తలుపు మూసుకుంది.

ఆ వారంలోనే మొదలియార్ వదిలేసిన సమాధి చూడడానికి కొండకు బయలుదేరాడు. తోడు ఓబయ్య. ఒకప్పుడు మొదలియార్ దగ్గర మట్టి మోసినవాడు, ఇప్పుడు మేకలు కాచుకుంటున్నాడు. దారంతా మోకాళ్ళ నొప్పుల గురించి, మేకల రోగాల గురించి ఒకటే సణుగుడు. సన్నగా జల్లు పడుతోంది. గుట్ట వాలు మీద నాలుగు వైపులా బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పిన గూళ్ళు వరసగా ఉన్నాయి. రాక్షస గుళ్ళంటారు వాటిని. మొదలియార్ వదిలేసినదాని ముందు బండకు గుండ్రటి కన్నం ఉంది, మనిషి తల పట్టేంత.

ప్రేమానందం అగ్గిపుల్ల గీసి లోపలికి చూశాడు. సగం మట్టిలో కూరుకుపోయిన పొడుగాటి మట్టితొట్టి. దాని అడుగున రెండు వరసలుగా పొట్టి కాళ్ళు, ఏనుగు కాళ్ళలా గుండ్రంగా. పాతకాలంలో శవాన్ని అందులో పెట్టి పూడ్చేవారు. లోపలినుంచి తడిమట్టి వాసన వచ్చింది. వాన మట్టి వాసన కాదది. ఎన్నాళ్ళో మూసి ఉంచిన కుండ మూత తీస్తే వచ్చే వాసన.

ఓబయ్య కంబళి కప్పుకుని దూరంగా కూర్చున్నాడు. ప్రేమానందం కన్నం ముందు గొంతుక్కూర్చుని మొదలుపెట్టాడు.

"మొదలియార్ గారూ, ఎందుకు ఆపేశారు? లోపల ఏం చూశారు?"

జవాబు రాదని తెలుసు. తెలిసీ కాసేపు ఆగాడు. ఇంకో ప్రశ్న అడిగాడు. ఇంకొకటి. ఏ వాక్యం ఎలా రాయాలో మనసులో కుదురుకుంటోంది, సంతోషంగా ఉంది. తల ఎత్తేసరికి పొద్దు గూకుతోంది. లేచి పంచె దులుపుకుని, చేతులు జోడించి, ఆ కన్నం వైపు తిరిగి అనేశాడు.

"వస్తానండి. మా ఇంటికి ఒకసారి రండి."

ఓబయ్య నమలడం ఆపేశాడు. నోట్లో వక్క అలాగే ఉండిపోయింది.

చావింటి నుంచి లేచేటప్పుడు వస్తానని ఎవరూ అనరు. రమ్మని అసలే అనరు. మాట్లాడకుండా లేచి పోవాలి. ఆ సంగతి ప్రేమానందానికి తెలియక కాదు, అమ్మ చిన్నప్పుడే నేర్పింది. కాకపోతే అది చావిల్లని అతనికి తోచలేదు.

"ఎప్పటివాళ్ళో ఓబయ్యా. లోపల బొమికలు కూడా లేవు," అన్నాడు నవ్వబోతూ.

"మొదలియారయ్య గూడా ఆ పొద్దు తమాషాకి ఇట్లనే అన్నాడయ్యా," ఓబయ్య గొంతు దిగిపోయింది. "ఈ కన్నం కాడే నిలబడి. మా ఇంటికి రాండి అని."

ప్రేమానందం నవ్వు ఆగిపోయింది. చివరి అధ్యాయం దొరికింది. దాంతోపాటే తాయమ్మ గుర్తొచ్చింది. ఇంట్లో ఒక్కతే ఉంది.

కన్నం లోపల, రాతిమీద ఏదో ఆన్చిన చప్పుడైంది. బరువుగా, మెత్తగా. దాని పక్కనే ఇంకొకటి. ఇంకొకటి...

ఓబయ్య కంబళి కూడా వదిలేసి పరుగెత్తాడు. ప్రేమానందం ఇంటి దారి పట్టాడు. ముళ్ళు గీరుకుంటున్నాయి. ఊపిరి అందడం లేదు. వెనక ఏ చప్పుడూ వినిపించలేదు. మొదట అదే ధైర్యమిచ్చింది. మహలు ప్రాకారం కనిపించేసరికి అదే అతన్ని వణికించింది. వెనక లేదంటే... ముందుందా?

వీధి తలుపు తీసే ఉంది. వంటింట్లో బుడ్డి దీపం వెలుగుతోంది. తాయమ్మ పీట మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆమెను చూడగానే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"మీ గొంతు వినపడి ఎంతసేపయింది! ఇప్పుడా లోపలికి వచ్చేది?" అంది తలెత్తకుండా. "ఎవరినో పిలుచుకొస్తా ఉండారని ముందుగా చెప్పకూడదా? కూరాకు గూడా లేదు."

"ఎవరిని?"

"పెరట్లో కాళ్ళు కడుక్కుంటా ఉండాడే, ఆయన్ని. చీకట్లో ముఖం కనపడలేదు. తలుపు సందులోంచే చెంబు అందించినాను."

పెరటి తలుపు ఓరగా ఉంది. ఆ సందులోంచి వాసన వస్తోంది. మూత తీసిన కుండ వాసన.

అతను చేట పక్కకు నెట్టి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. మాట్లాడవద్దని చెప్పబోయాడు.

అంతలో బయట నీళ్ళు పోసుకున్న చప్పుడు. బండమీద కాలు పెట్టిన చప్పుడు.

మళ్ళీ నీళ్ళు. మళ్ళీ కాలు.

మనిషైతే అక్కడితో అయిపోవాలి.

మళ్ళీ నీళ్ళు. మళ్ళీ కాలు... మళ్ళీ నీళ్ళు...

తాయమ్మ కూడా వింటోంది. ఆమె ముఖంలో విసుగు పోయింది. కళ్ళు అతని కళ్ళలోకి చూశాయి.

"ఎంతమందిని పిలుచుకొచ్చినారు?" అంది, వినపడీ వినపడకుండా.

అతను తల అడ్డంగా ఊపాడు. నీళ్ళ చప్పుడు సాగుతూనే ఉంది. ఒక్క చెంబులో అన్ని నీళ్ళు ఎలా పడతాయి? తొందర లేకుండా, శుభ్రంగా, ఒక్కొక్క కాలే కడుక్కుంటున్నారు. అప్పుడు చెంబు బండమీద పెట్టిన శబ్దం ఖణేల్మని వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. జల్లు కూడా ఆగిపోయింది.

తలుపు అవతలి నుంచి గొంతు వినిపించింది. ప్రేమానందం గొంతే. చేతులు జోడించి అన్నట్టే, అంత మర్యాదగా...

"వస్తానండి. మా ఇంటికి ఒకసారి రండి."

తాయమ్మ భర్త పెదవుల వైపే చూస్తోంది. అవి కదల్లేదని ఆమెకు తెలుసు. అయినా ఎవరైనా పిలిస్తే బదులు చెప్పకుండా ఊరుకోవడం పుట్టింట్లో ఆమెకు నేర్పలేదు. అతను రెండో చేత్తో ఆమె నోరు మూశాడు.

ఒక్క క్షణం ఆలస్యమైంది.

"అట్లే," అంది తాయమ్మ, "వస్తాను."

అతని అరచేతికి ఆమె ఊపిరి తగిలింది. చల్లగా ఉంది. తడిమట్టి వాసన వేస్తోంది.