గోడవైపు తిప్పిన తుపాకీ

"మా ఆయన కుడిచెయ్యి పోయేలా ఉందండీ. ఆ పని చేసింది మా అన్నయ్యే అంటున్నారు. నేను ఎవరి కోసం ఏడవాలి?"

గుమ్మంలో నిలబడే ఆ మాట అంది ఆవిడ. చేతిసంచీని గుండెకు అదుముకుని ఉంది.

ఊళ్ళో అందరూ భూతద్దం గారని పిలిచే ఆ అపరాధ పరిశోధకుడి దగ్గర భూతద్దం ఎప్పుడూ లేదు. ఆయన కుర్చీ ముందుకు జరిపి, "ముందు కూర్చో తల్లీ. జరిగింది చెప్పు" అన్నారు. ఆయన అన్న కూతురు, సహాయకురాలు అమ్మడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. బాబాయి ఎదుట ఎంతటివాళ్ళయినా రెండు నిమిషాల్లో తేరుకోవడం చూసినప్పుడల్లా ఆమెకు గర్వంగానే ఉంటుంది.

ఆవిడ తండ్రి పాత తుపాకులు బాగుచేసే మేస్త్రి. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాడే తర్వాత అల్లుడయ్యాడు. ఈమధ్య మ్యూజియం వాళ్ళు మూతిలోంచి మందు కూరే జంట గొట్టాల తుపాకీ ఒకటి పంపారు. ఒళ్ళంతా తుప్పు, పగిలిన కర్ర. నిన్న ఉదయం గొట్టం అడుగున ఉండే బిరడా వదులు చేయడానికి అల్లుడు బ్లో ల్యాంపుతో వేడి చేస్తుంటే, లోపల మందు అంటుకుని పేలింది. సగం ఊడిన బిరడా వెనక్కి తన్ని అరచేతిని చీల్చేసింది.

"ముందు రోజే నాన్న కడ్డీ దించి చూశాడండీ. ఖాళీగానే ఉందన్నాడు. అంటే తర్వాత ఎవరో మందు కూరినట్టే కదా! అన్నయ్యకీ మా ఆయనకీ పడదని అందరికీ తెలుసు."

వర్క్‌షాపులో మందు వాసన ఇంకా పోలేదు. తుపాకీ బల్లకున్న ఇనుప పట్టకారు వైస్‌లోనే బిగించి ఉంది. దాని మూతి ఎదుటి గోడకు సున్నం పెచ్చులూడి, సీసపు గుళ్ళు గుచ్చుకుని ఉన్నాయి. భూతద్దం గారు నేలమీద వంగి మాడిన గుడ్డ ఉండ ఒకటి ఏరారు. అంచు చుట్టూ తుప్పు గట్టిగా కరుడు కట్టి ఉంది. దాన్ని అమ్మడి చేతిలో పెట్టి మేస్త్రి కొడుకు వైపు తిరిగారు.

"మీ బావంటే నీకు కుళ్ళటగా?"

"కుళ్ళే. దాచను. ఊహ తెలిసినప్పటినుంచీ ఈ ఆకురాయి పట్టుకున్నవాణ్ణి. బావ వచ్చాక నట్లు బిగించడానికి మిగిలాను. అంతమాత్రాన చెయ్యి నరుకుతానా?"

"పేలినప్పుడు ఎక్కడున్నావు?"

"నా లేత్ దగ్గర, ఆ కిటికీ పక్కన. వైస్ ఎప్పటిలా ఉండుంటే ఆ గుళ్ళన్నీ నా పొట్టలోనే దిగేవి. ముందు రోజు సాయంత్రం నాన్న దాన్ని విప్పి గోడవైపు తిప్పాడు."

"ఎందుకట?"

"వెలుతురు బాగా పడుతుందన్నాడు."

భూతద్దం గారు వైస్ వెనక నిలబడి తుపాకీ మీద చేతులు పెట్టారు. కిటికీ వీపు వెనక పడడంతో ఆయన నీడ ఆయన చేతుల్నే కప్పేసింది. అమ్మడు చూసింది గానీ పట్టించుకోలేదు.

మేస్త్రి లోపలి గదిలో గోడకు జారగిలబడి కూర్చున్నాడు.

"గొట్టాలు మీరే చూశారా?"

"చూడకుండా ఏ తుపాకీనీ ముట్టలేదు. కడ్డీ అడుగుదాకా దిగింది. రెండూ ఖాళీ."

"వయసు మీదపడింది కదా, పొరపాటున..."

"నా కళ్ళకేం లోటు లేదు, చేతులకీ లేదు. ఆ మ్యూజియం వాళ్ళకే కళ్ళు మూసుకుపోయాయి!"

"ఏం చేశారు వాళ్ళు?"

మేస్త్రి నాలిక కరుచుకున్నాడు. "ఏం లేదు."

మర్నాడు అందరూ వర్క్‌షాపులో చేరారు. ఆస్పత్రిలో అడిగి వచ్చిన అల్లుడు చేతికట్టుతో స్టూలు మీద కూర్చున్నాడు.

"మీరు మరోసారి ఎందుకు చూసుకోలేదు?" అని అడిగారు భూతద్దం గారు.

"మామయ్యగారు చూశానన్నాక నేను మళ్ళీ చూస్తే ఆయన్ని నమ్మనట్టు ఉంటుంది కదండీ."

భూతద్దం గారు తలూపి గుడ్డ ఉండ బల్లమీద పెట్టారు. "మందు మీద కూరిన గుడ్డ ఇది. ఇంత తుప్పు ఒక్క రోజులో పట్టదు. అంటే ఎవరూ కొత్తగా మందు కూరలేదు. ఎప్పుడో ఏ వేటగాడో నింపి వదిలేసిన మందు అది. అలాంటప్పుడు కడ్డీ అడుగుదాకా దిగడం కల్ల. కొడుకు కూరాడనడమూ కల్లే."

"నాన్న పొరపాటు పడ్డాడేమో" అంది కూతురు గబగబా.

"నేనూ అదే అనుకున్నానమ్మా. కానీ వైస్‌ని అలా తిప్పితే వెలుతురు పెరగలేదు, పనిమీద నీడ పడింది. తుపాకీ పేలుతుందని తెలిసినవాడే దాని మూతిని కొడుకు మీదనుంచి గోడమీదికి మళ్ళిస్తాడు."

అంతవరకూ కిటికీలోంచి బయటికి చూస్తున్న మేస్త్రి నెమ్మదిగా ఇటు తిరిగాడు.

"వీడికి చెయ్యి పట్టుకుని పని నేర్పింది నేను. ఆ మ్యూజియం ఆఫీసరు నా గుమ్మంలో నిలబడి, నా ఎదురుగానే, 'అల్లుడుగారే చెయ్యాలి, పెద్దాయన్ని ముట్టుకోనివ్వకండి' అన్నాడు. వీడు నవ్వుతూ తలూపాడు. ఆ నవ్వు చూశాక నాకు అన్నం సయించలేదు." గొంతు తగ్గించాడు. "పాత మందేగా, తుస్సుమంటుంది, బెదిరిపోయి పని మానేస్తాడు అనుకున్నాను."

"తుస్సుమనేదానికి కొడుకును తప్పించాల్సిన పనేముంది?" అన్నారు భూతద్దం గారు.

కూతురు తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"అన్నయ్యను తప్పించావు. మా ఆయన్నెందుకు తప్పించలేదు నాన్నా?"

ఆయన కూతురి మొహంలోకి చూడలేకపోయాడు. చొక్కా తొడుక్కుని, "పదండి, స్టేషనుకి" అని తనే ముందు నడిచాడు. కొడుకు వెంట వెళ్ళబోయి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు.

కొన్ని నెలలకు అమ్మడు అటుగా వెళ్తూ వర్క్‌షాపులోకి తొంగిచూసింది. వైస్ మళ్ళీ కిటికీవైపు తిరిగి ఉంది. అల్లుడి చెయ్యి మానింది గానీ వేళ్ళు ముడవడం లేదు. ఆ తుపాకీ మీద కొడుకు ఆకురాయి పెడుతున్నాడు. పక్కనే అల్లుడు కూర్చుని చెబుతున్నాడు.

"తేలిగ్గా, ఇంకా తేలిగ్గా. అదీ!"

"ఇన్నాళ్ళూ కుళ్ళుకుని చచ్చానండీ, బావ దగ్గర ఇంత పనితనం ఉందని తెలీదు" అని నవ్వాడు కొడుకు అమ్మడితో. గొట్టం మీద సన్నని చెక్కడం తుప్పులోంచి తేటగా బయటపడుతోంది.

అల్లుడు కూడా నవ్వాడు. కానీ అతను చూస్తున్నది చెక్కడాన్ని కాదు. ఆకురాయి మీద హాయిగా ఆడుతున్న బావమరిది కుడిచేతి వేళ్ళను, కన్నార్పకుండా.

అమ్మడు అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయింది.