పేరు చెప్పకు, పదిహేడూ!

"ఈ సాయంత్రం నాలుగింటికి బ్రిగేడియర్ ఒదుర్ బయటికొచ్చేస్తాడు" అన్నాడు మేజర్ కటో.

ఏజెంట్ ఒదోచ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. గులూ పట్నంలో ఉదయం ఎనిమిదిన్నర. కిటికీ కింద బోడాలు, అంటే అద్దె బైకులు, అప్పుడే హారన్లు మొదలుపెట్టాయి.

"ఎలా వస్తాడు సార్? సాక్షి మన దగ్గరే ఉంది కదా!"

"ఉంది. వయసుకే కాగితం లేదు. పదిహేనేళ్ళ లోపు పిల్లల్ని ఎత్తుకుపోయి తుపాకులిచ్చాడన్నది కేసు. మన పిల్లని ఎత్తుకుపోయేనాటికి పన్నెండు. డిఫెన్స్ లాయరు పదహారంటున్నాడు. నాలుగింటిలోపు రుజువు చూపించకపోతే ఆమె సాక్ష్యం కొట్టేస్తారు."

"మిగతా సాక్షులు?"

"ఇద్దరు చచ్చారు. ముగ్గురు మాట మార్చారు. మెరిడియన్ వాళ్ళ పని."

మెరిడియన్ ఒక విదేశీ ముఠా. ఒదుర్ దగ్గర బంగారం కొని తుపాకులిచ్చింది వాళ్ళే. అతనికి శిక్ష పడితే నోరు విప్పుతాడని, తమ పేర్లు బయటపడతాయని వాళ్ళ భయం.

ఒదోచ్ అన్న అసలు పేరు ఫైల్లో లేదు. అచోలీ తెగలో కాళ్ళు ముందుగా బయటికొచ్చి పుట్టిన మగపిల్లాడికి ఆ పేరు పెడతారు. ఫైల్లో మాత్రం అతను 'గిన్నికోడి', సాక్షి 'పదిహేడు'. సాక్షుల రక్షణ విభాగంలో ఎవరి పేరూ ఎవరికీ తెలియకూడదు. పేరున్నది ఒక్క మేజర్‌కే, అతని గుమ్మానికి బోర్డు ఉంది గనక.

"లామినోక్ నిర్వాసితుల శిబిరంలో పిల్ల వాళ్ళమ్మకి ఇచ్చిన రేషన్ కార్డు ఉందిట. దాని మీద పిల్ల వయసు రాసుంటుంది. అక్కడ వాళ్ళ పిన్ని గుడిసెలో ఉంది. తీసుకురా. ఈ సలహా డాక్టర్ వెరోనిక్‌ది. కొత్తగా వచ్చిన పిల్లల మనస్తత్వ నిపుణురాలు. చాలా తెలివైన మనిషి."

"అందమైన మనిషి కూడాట" అన్నాడు ఒదోచ్.

"అది ఫైల్లో లేదు" అన్నాడు మేజర్, ఇంకో గుప్పెడు వేరుశనగలు నోట్లో వేసుకుంటూ.

సేఫ్ హౌస్ ఒక ఇనుప సామాన్ల కొట్టు వెనక ఉంది. ఒదోచ్ వెళ్ళేసరికి పదిహేడు నేలమీద కూర్చుని పాత రేడియో విప్పుతోంది. పదిహేడేళ్ళ పిల్ల. ఒదుర్ సైన్యంలో మూడేళ్ళు వైర్‌లెస్ సెట్టు మోసింది, అతని మాటలన్నీ దాంట్లో అందరికీ చేరవేసింది. తప్పించుకుని రెండేళ్ళయింది. ఎనిమిది నెలలుగా ఈ గది దాటలేదు.

పక్కన కుర్చీలో డాక్టర్ వెరోనిక్. ఆకుపచ్చ పట్టు స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు, చేతిలో పౌడర్ డబ్బా. గదంతా అత్తరు వాసన.

"గిన్నికోడి బాబాయ్, ఆగు" అంది పదిహేడు. "కార్డు కోసమేనా? దానికోసం పోవద్దు. ఆ కార్డు..."

"భయపడకు. నేను తెస్తాగా."

"భయం కాదు! నా మాట విను. నేనెప్పుడు పుట్టానో తెలియాలంటే కార్డెందుకు? నా పేరు..."

"పేరు చెప్పకు!" ఒదోచ్ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎన్నిసార్లు చెప్పాలి పదిహేడూ? రూలు."

"నీ రూలు మండ!" అంది పిల్ల. "సరే, ఇంకోటి. చెవి ఇటివ్వు. ఈ డాక్టరమ్మ గొంతు..."

డాక్టర్ వెరోనిక్ నవ్వుతూ లేచి పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "చూశారా, ఎంత ఆందోళనగా ఉందో. ఇలా పాత సంగతులు కదిలిస్తే మనసు దెబ్బతింటుంది. ఈరోజు ఈమె చేత మాట్లాడించొద్దని కోర్టుకి రాసిచ్చాను. పిల్ల మేలు కోసమే."

"నన్నడిగి రాశారా?" అంది పదిహేడు.

ఆ కోర్టులో పిల్ల మేలు గురించి నూట నలభై పేజీల నిబంధనలున్నాయి. పిల్లని కూర్చోబెట్టి ఏమ్మా అని అడగమని ఎక్కడా లేదో, ఉన్నా ఆ పేజీ దాకా ఎవరూ చదవలేదో తెలియదు. ఒదోచ్ కూడా చదవలేదు. వాచీ చూసుకుని బయటపడ్డాడు.

లామినోక్ దాకా అరవై కిలోమీటర్ల ఎర్రమట్టి రోడ్డు. ఒదోచ్ దుప్పట్లమ్మేవాడి వేషం వేశాడు. బైకు వెనక పది దుప్పట్లు, చొక్కా జేబులో కెమెరా పెన్ను, చేతికి ట్రాన్స్‌మిటర్ వాచీ. పెన్ను గతుకులకి ఎక్కడో పడిపోయింది. వాచీ వానకి తడిసి చచ్చింది.

పిన్ని గుడిసె ముందు కూర్చుని నువ్వులు నూరుతోంది. చెప్పాల్సిన కోడ్ మాట ఒకటుంది.

"దుప్పట్లమ్మా! చలికాలానికి మూడు చారల దుప్పటి!"

"చలికాలమేంటి, నీ మొహం. నువ్వు కోర్టు మనిషివి కదూ? పొద్దున ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి చెప్పింది, దుప్పట్లోడొస్తాడు, కార్డివ్వమని."

ఒదోచ్‌కి ఒళ్ళు మండిపోయింది. రహస్యం పాటించమని తనకి చెప్పడమేమిటి, ఫోన్లో ఊరంతా చాటడమేమిటి? అయినా తీరిగ్గా కోప్పడే టైము లేదు. పిన్ని కప్పు గడ్డిలోంచి రేకు డబ్బా లాగి కార్డు తీసిచ్చింది.

"పిల్ల బావుందా నాయనా? వేళకి తింటోందా? ఇద్దరినీ ఒకచోట పెట్టండయ్యా..."

అప్పుడే రోడ్డు మీద తెల్ల పికప్ ఆగింది. ఇద్దరు దిగారు. వాళ్ళ చేతుల్లో రైఫిళ్ళు. ఒదోచ్ పిన్ని మాట పూర్తిగా వినకుండానే బైకు మీద దూకాడు.

నలభై కిలోమీటర్లు తరిమారు. పదకొండు తూటాలు పేల్చారు. మూడు దుప్పట్లకి చిల్లులు పడ్డాయి. ఒదోచ్ జొన్నచేలో పడి, వాగులో దిగి, మేకల మందని రోడ్డుకి అడ్డం తోలించి తప్పించుకున్నాడు. ఎంత బాగా తప్పించుకున్నానని మనసులో తెగ మురిసిపోయాడు. పదకొండు తూటాల్లో ఒక్కటీ తగలకపోవడం వింతగా ఉందే అని మాత్రం తట్టలేదు.

నాలుగింటికి ఏడు నిమిషాల ముందు, గులూలో వీడియో సాక్ష్యం ఇచ్చే హాల్లోకి పరుగెత్తాడు. ఒంటినిండా ఎర్రమట్టి.

హాల్లో పెద్ద తెర. తెర మీద సముద్రాల అవతల కోర్టు, ముగ్గురు జడ్జీలు, మధ్యలో వెండి జుట్టు ప్రధాన న్యాయమూర్తి. ఇటు అచోలీ దుబాసీ, స్కానర్ దగ్గర గుమస్తా, మేజర్ కటో, డాక్టర్ వెరోనిక్. అద్దాల గదిలో మైకు ముందు పదిహేడు. ఆ మైకు స్విచ్చి ఆఫ్ చేసి ఉంది, డాక్టర్ సలహా మీద.

"శెభాష్ గిన్నికోడీ!" అన్నాడు మేజర్.

ఒదోచ్ కార్డు తీసి గుమస్తా చేతిలో పెట్టబోయాడు. అద్దం వెనక పిల్ల రెండు చేతులతో అద్దాన్ని బాదుతోంది. వద్దు, వద్దు అని తల ఊపుతోంది. డాక్టర్ వెరోనిక్ కళ్ళు కార్డు మీదే ఉన్నాయి. పెదవుల మీద చిన్న నవ్వు.

ఆ నవ్వు ఒదోచ్‌కి నచ్చలేదు. కార్డు విప్పి మొదటిసారి చదివాడు. ఆడపిల్ల, వయసు పన్నెండు. తారీఖు చూశాడు. ఎత్తుకుపోవడానికి నాలుగేళ్ళ ముందుది. పన్నెండూ నాలుగూ పదహారు.

ఇది చూపిస్తే పిల్ల మాటే అబద్ధమని రుజువైపోతుంది. ప్రాణాలకి తెగించి, శత్రువుకి కావలసిన కాగితం తనే మోసుకొచ్చాడు. తరిమింది కార్డు విలువైందని నమ్మించడానికే, అందుకే తూటాలు తగల్లేదు.

అద్దాల గది తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు. "ఏంటిది?"

"పొద్దున్నే చెప్పబోయా!" అంది పిల్ల. "అప్పుడు నాకు ఎనిమిదే. శిబిరంలో పన్నెండు దాటితే నిండు కొలత జొన్నలు, లోపైతే సగం. అమ్మ పన్నెండని రాయించింది. అందరమ్మలూ అదే పని చేశారు. ఆ శిబిరంలో పన్నెండేళ్ళ లోపు పిల్లలే లేరు బాబాయ్, కార్డుల ప్రకారం!"

ఒదోచ్ కార్డు మడిచి జేబులో పెట్టుకుని హాల్లోకొచ్చాడు. నాలుగింటికి రెండు నిమిషాలు.

"కాగితం దొరికిందా?" తెర మీదనుంచి ప్రధాన న్యాయమూర్తి అడిగారు. దుబాసీ తెలియజెప్పాడు.

"లేదండీ" అన్నాడు ఒదోచ్. అంత చిన్న మాట చెప్పడానికి అతనికి జీవితంలో ఎన్నడూ అంత కష్టం కాలేదు.

డాక్టర్ వెరోనిక్ విసురుగా లేచింది. "అబద్ధం! కార్డు అతని జేబులోనే ఉంది!"

"మా ముందుకి ఏ కాగితమూ రాలేదు కాబట్టి పదిహేడో సాక్షి వాంగ్మూలాన్ని..." అని ప్రధాన న్యాయమూర్తి ఉత్తర్వు చదవడం మొదలుపెట్టారు.

అప్పుడు పిల్ల ఎవరినీ అడగలేదు. మైకు అడుగున పలక ఊడలాగి రెండు తీగలు కలిపింది. మూడేళ్ళు అడవిలో వైర్‌లెస్ మోసిన చేతులవి. ఎర్ర దీపం వెలిగింది.

"పదిహేడు మాట్లాడుతోంది. నేను చెప్పాల్సింది ఉంది. ఓవర్."

దుబాసీ ఆ 'ఓవర్'ని కూడా అనువదించాడు.

"పిల్ల మనసు..." అని డాక్టర్ అందుకోబోయింది.

"మీరు కూర్చోండి" అన్నారు న్యాయమూర్తి. కళ్ళద్దాలు తీసి తెరకి దగ్గరగా వంగారు. "అమ్మాయ్, నీకు మాట్లాడాలని ఉందా?"

"ఎనిమిది నెలల నుంచి ఉందండీ. ఓవర్."

"చెప్పు."

"ముందు నా పేరు చెప్పాలి. పేరు చెబితేనే మీకు అర్థమవుతుంది. బయటివాళ్ళకి వినబడకూడదనుకుంటే తలుపులు మూసుకోండి."

న్యాయమూర్తి చెయ్యి ఊపారు. కోర్టులో ప్రేక్షకుల వరస ముందు తెరలు దించారు, ప్రసారం ఆపారు. మేజర్ కటో ఇక్కడి తలుపు మూసి వీపు ఆనించి నిలబడ్డాడు.

"నా పేరు అచెన్."

దుబాసీ అనువదించడానికి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. గుమస్తా తల పట్టుకున్నాడు. కవల ఆడపిల్లల్లో మొదట పుట్టినదానికి అపియో, రెండోదానికి అచెన్. గులూలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి లేపి అడిగినా చెబుతాడు.

"మరి అపియో ఎక్కడ?" అని అరిచాడు ఒదోచ్, కోర్టని కూడా మరిచిపోయి.

"పొద్దుటి నుంచీ అదే కదా చెబుతున్నా!" పిల్ల కూడా అరిచింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "అక్క అమ్మమ్మ దగ్గర పెరిగింది, అందుకే కార్డులో లేదు. ఇక్కడే, మార్కెట్ వెనక బోర్డింగ్ స్కూల్లో చదువుతోంది. పరీక్షకి కట్టినప్పుడు ఆస్పత్రి వాళ్ళ పుట్టిన కాగితం ఇచ్చారు. ఇద్దరివీ ఒకే కాగితంలో ఉన్నాయి. నాకు అక్కుందా అని ఒక్కరడగలేదు! పేరు చెబుతానంటే నోరు మూశారు!"

మేజర్ ఫోన్ చేశాడు. స్కూల్లో హెడ్మాస్టరమ్మ బీరువా తాళం వెతకడానికే ఆరు నిమిషాలు పట్టింది. న్యాయమూర్తి గడియారం వైపు చూడనట్టు నటించారు. చివరికి ఫ్యాక్స్ మిషన్ కదిలింది. చర్చి ఆస్పత్రి ముద్ర, తారీఖు, రెండు పేర్లు. లెక్క కట్టారు. ఎత్తుకుపోయేనాటికి పన్నెండేళ్ళ మూడు నెలలు.

తెర మీద డిఫెన్స్ లాయరు స్కానర్లో వచ్చిన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి కూర్చున్నాడు. ఒదుర్ బయటికి రావడం లేదు.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?"

"ఒకటుందండీ." అచెన్ మైకు దగ్గరికి లాక్కుంది. "ప్రతి గురువారం ఒదుర్‌తో వైర్‌లెస్‌లో ఒకావిడ మాట్లాడేది. తుపాకులు ఎన్ని, బంగారం ఎంత అని. ఆవిడ కోడ్ పేరు పావురం. సెట్టు మోసింది నేను. మూడేళ్ళు విన్న గొంతు. ఈరోజు పొద్దున్నే మళ్ళీ విన్నాను, నా భుజం మీద చెయ్యేసి నా మేలు కోసమే అంటోంది."

డాక్టర్ వెరోనిక్ అప్పటికే తలుపు దగ్గరుంది. మేజర్ కటో వీపు అక్కడే ఉంది. ఒదోచ్ ఆమె చేతిలోని పౌడర్ డబ్బా లాక్కుని తెరిచాడు. లోపల పౌడర్ లేదు, ట్రాన్స్‌మిటర్ ఉంది.

"ఆ పిల్ల... సెట్టు మోసే పిల్ల..." అంది వెరోనిక్, నమ్మలేనట్టు. ఆ మూడేళ్ళూ సెట్టుకి అవతల వినే చెవులున్నాయని ఆమెకి తట్టనే లేదు. బేడీలు వేస్తుంటే మాత్రం స్కార్ఫు సర్దుకుంది.

సాయంత్రం అయిదున్నరకి అచెన్‌ని స్కూలుకి తీసుకెళ్ళారు. గ్రౌండులో నెట్‌బాల్ ఆట జరుగుతోంది. గోల్ కింద నిలబడ్డ పిల్లది అచ్చం అదే మొహం. బంతి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ ఒకరి చెంపలు ఒకరు పట్టుకుని చాలాసేపు ఏడ్చారు.

ఒదోచ్ మేజర్ వైపు తిరిగాడు. కోపం ఇంకా దిగలేదు.

"ఎనిమిది నెలలు ఆ మొహాన్ని దాచాం సార్. గోడకి ముళ్ళకంచె, గుమ్మానికి కాపలా. ఇక్కడేమో అదే మొహం రోజూ సాయంత్రం ఊరందరి ముందూ బంతాడుతోంది. మెరిడియన్ వాళ్ళు మనకంటే తెలివితక్కువ వాళ్ళు కాబట్టి బతికిపోయారిద్దరూ."

"నాకేం తెలుసయ్యా? నేను అచోలీని కాదుగా."

"మీ పేరేంటి సార్?"

"కటో."

"మీ గాండా తెగలో కటో అంటే?"

"కవల మగపిల్లల్లో రెండోవాడు" అన్నాడు మేజర్, నేల చూస్తూ. "మా అన్న కంపాలాలో ఉంటాడు."

అచెన్ అక్క చెయ్యి వదలకుండానే దగ్గరికొచ్చింది.

"బాబాయ్, నా పేరు నీకు తెలిసిపోయింది. నీ పేరు చెప్పాలి. గిన్నికోడి అంటే ఊరుకోను."

ఒదోచ్ రూలు గుర్తుచేసుకున్నాడు. దాన్ని పక్కన పడేశాడు.

"ఒదోచ్."

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు.

"అదీ సంగతి! కాళ్ళు ముందొచ్చి పుట్టావన్నమాట!" అంది అచెన్. "పొద్దున్నే కాళ్ళు లామినోక్ వెళ్ళిపోయాయి. తల నాలుగింటికొచ్చింది."