పెద్దమనుషుల చెయ్యి

ఆ ఉదయం నూకరత్నం చక్రపాణి గారి చేతులు తొడుక్కుని, ఆయన కారు షెడ్డు తలుపు లాగింది.

చేతులంటే తొడుగులే. పల్చటివి, చర్మం రంగువి. చక్రపాణి గారి వేలిముద్రలు, అరచేతి గీతలు, చిటికెన వేలి మీది పాత మచ్చ కూడా వాటి మీద అచ్చు దిగి ఉన్నాయి. వాటిని కరతొడుగులు అనేవారు. విశాఖపట్నంలో కాస్త కలిగిన ప్రతి ఇంట్లోనూ పనిమనుషుల కోసం ఇలాంటి జత ఒకటి వంటింటి మేకుకు వేలాడుతూ ఉండేది. తమ ఇంట్లో ఉందని మాత్రం ఒక్కరూ ఒప్పుకునేవారు కాదు.

షెడ్డులోంచి వచ్చిన కంపుకి చక్రపాణి గారు నాలుగడుగులు వెనక్కి వేసి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఏటి బాబూ ఇది? కారా, ఎలకల సత్రమా?" అంది నూకరత్నం.

"మా నాన్నగారి కారు. ఆయన పోయాక ఎవరం పట్టించుకోలేదు."

"కనబడతంది లెండి."

పై రంగు మీద పావురాల రెట్ట ఎండి, కింద రేకు దాకా తినేసింది. ముందు దీపాలు కామెర్లొచ్చిన కళ్ళలా పచ్చబడ్డాయి. వెనక సీటు నిండా పాత పరుపులు, విరిగిన ఫ్యాను, ఎప్పటిదో పెళ్లి విందులో మిగిలిన విస్తరాకుల కట్ట. తండ్రి చనిపోతే ఆయన కారుని చెత్తకుండీ చేసుకున్న కొడుకు, ఇప్పుడు నగర ఆలనా మండలికి అధ్యక్షుడు కాబోతున్నాడు. ఆలన అంటే కనిపెట్టుకుని చూసుకోవడం అని ఎవరూ ఆయనకి చెప్పి ఉండరు.

దీనికంతటికీ మూలం స్మృతిపూత. కంటికి కనబడని ఆ పూతని దేని మీద పూసినా, దాన్ని ఎవరు తుడుస్తున్నారో, ఎవరు బాగుచేస్తున్నారో గుర్తుపెట్టుకుని, ఆలన దొరికిన కొద్దీ పసిమి రంగులో మెరుస్తుంది. మొదటిసారి వేలిముద్ర చూసి పేరు రాసుకుంటుంది. ఆ తర్వాత ముద్రతో పని లేదు. ముద్రలు అరిగిపోతాయి, తెగుతాయి, కాలుతాయి కాబట్టి చెయ్యి తీరునే పట్టుకుంటుంది. ఎంత బరువుతో నొక్కుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఏ మూలకి మళ్ళీ తిరిగొస్తుంది, ఇవన్నీ దానికి కంఠతా. మనిషి అబద్ధమాడినా చెయ్యి ఆడదని దాన్ని తయారుచేసినవాళ్ళు మురిసిపోయారు. ఊళ్ళో ప్రతివాడికీ ఒక ఆలనాంకం వచ్చింది. అప్పు కావాలన్నా, సంబంధం కుదరాలన్నా, పదవి కావాలన్నా, బిడ్డని పెంచుకోవాలన్నా అదే లెక్క. మంచి ఆలోచనే. మన పెద్దమనుషుల చేతిలో పడేదాకా ఏ ఆలోచనైనా మంచిదే. పూత వచ్చిన ఏడాదికే కరతొడుగులు వచ్చాయి.

నూకరత్నం పొద్దుగూకేదాకా ఊరి సొత్తంతా తుడిచేది. ఆమె సొంత పేరున మాత్రం సున్నా. ఆమె ఇంట్లో ఉన్న రెండు గిన్నెలకీ, నులకమంచానికీ పూత వేయించే స్తోమత ఎక్కడిది?

ఆ సున్నా వల్లే పైడి శిశుసదనంలో ఉండిపోయింది. పైడి ఆమె చెల్లెలి కూతురు. చెల్లెలు జ్వరంతో పోయిన వారానికి మండలివాళ్ళు వచ్చి పిల్లని పట్టుకుపోయారు. సదనం గేటుకి ద్వారపాలిక అనే యంత్రం ఉంది. మనుషులు లంచాలకి లొంగుతారని మండలి అధ్యక్షుడి సంతకం తప్పిస్తే, పిల్లల్ని అప్పగించే అధికారమంతా దానికే ఇచ్చారు. నూకరత్నం ప్రతి ఆదివారం వెళ్ళేది. పెద్దల గేటు ముట్టుకునే ముందు పిలిచి పేరు చెప్పడం ఆమెకి తల్లి నేర్పిన మర్యాద. "నేనండీ, నూకరత్నాన్ని" అనేది. ద్వారపాలిక ఆ పేరు వెతికి, "నూకరత్నం గారి పేరున ఆలన ఏదీ నమోదు కాలేదు. ఒక్క వస్తువునైనా కాపాడనివారికి బిడ్డను అప్పగించలేము" అని తీయగా జవాబిచ్చేది. ఆ తీపి గొంతు వింటే నూకరత్నానికి ఒళ్ళు మండేది.

"ఈ కారు గట్టెక్కించు," అన్నారు చక్రపాణి గారు రుమాలు వెనకనుంచి. "నేను అధ్యక్షుణ్ణి కాగానే మొదటి సంతకం మీ పాప కోసమే."

"మాటేనా?"

"నా మాట మీద నమ్మకం లేదా?"

లేదు. అయినా ఆమెకి వేరే దారి ఏముంది? పనిలో దిగింది.

ముందు సీట్లన్నీ విప్పి బయట పడేసింది. వాటి కింద వేరుశనగ తొక్కలు, జామకాయ గింజలు, ఒక ఎలక కుటుంబం. ఇంజను గాలి గూట్లో ఆ ఎలకలే చక్రపాణి గారి పాత ప్రసంగాల కాగితాలు కొరికి పరుపు వేసుకున్నాయి. ఆ ప్రసంగాలు ఒకరికైనా పనికొచ్చినందుకు నూకరత్నం సంతోషించింది. కొరికేసిన వైర్లు మార్చింది. నేల మీది గోనెగుడ్డ ఎత్తితే బూజు పట్టిన రేకు, దాని మీద తుప్పు. ఇనుప బ్రష్షుతో తుప్పు గీకి, రంగు పట్టించింది. సీటు గుడ్డలకి కుంకుడు నురగ పట్టించి, పళ్ళ బ్రష్షుతో కుట్టు కుట్టునా తోమింది. ఏసీ కన్నాల్లోకి పుల్లకి చుట్టిన దూది పోనిచ్చింది. కంపు పీల్చుకోడానికి నాలుగు మూలలా బొగ్గుల మూటలు పెట్టి తలుపులు వేసింది.

పై రంగు ఇంకా మొండిది. రెట్ట మచ్చల మీద తడిగుడ్డ పరిచి నానబెట్టి, జిగురుమట్టి ముద్దతో రుద్ది, ఆ తర్వాత పాలిష్ పట్టించింది. దీపాలని నీళ్ళతో రుద్దే గరుకు కాగితంతో అరగదీసింది. ప్రతి మూలనీ ఒకసారి తుడిచి, వెళ్ళిపోబోయి, వెనక్కి వచ్చి బొటనవేలితో మళ్ళీ నొక్కి చూడటం ఆమెకి అలవాటు. చిన్నప్పుడు గిన్నెలు తోమినప్పటి నుంచీ అంతే.

చక్రపాణి గారు మధ్యలో ఒక్కసారి వచ్చారు. చొక్కా చేతులు మడుచుకుని, పక్కన బకెట్టు పెట్టించుకుని ఫోటో తీయించుకున్నారు. బ్రష్షు తిరగేసి పట్టుకున్నారు. 'తండ్రి జ్ఞాపకాన్ని తన చేతులతో కడుగుతున్న తనయుడు' అని ఊరంతా ఆ ఫోటో తిరిగింది.

అధ్యక్ష పదవికి పునరుద్ధరణ పరీక్ష ఉండేది. పాడైన వస్తువుని అభ్యర్థి తన చేతులతో బాగుచేసి సభకి చూపించాలి. ఇదివరకు మెరుపు చూసి ఊరుకునేవారు. ఈసారి కొత్త నియమం పెట్టారు. ఆ వస్తువు తనకి ఆలన చేసిన చేతిని పేరుపెట్టి పలకరించి, దానికే తెరుచుకోవాలి, తాళాలు చెల్లవు. ఆ నియమం పెట్టించింది చక్రపాణి గారే. పోటీదారు తన బీరువాని పనివాళ్ళ చేత తుడిపించాడని ఆయనకి గట్టి నమ్మకం. తొడుగుల మీద ఉన్నది తన వేలిముద్రే కదా, తనకి ఢోకా లేదనుకున్నారు.

సభనాడు కారు సముద్రం ఒడ్డున ఎండలో నిలబడి పసిమిగా వెలిగింది. అలాంటి మెరుపు ఊళ్ళో ఎవరూ చూడలేదు. చప్పట్ల మధ్య చక్రపాణి గారు నడిచొచ్చి తలుపు మీద చెయ్యి వేశారు.

"క్షమించండి," అంది కారు. "మిమ్మల్ని గుర్తుపట్టలేకపోతున్నాను."

"నేను... చక్రపాణిని."

"చక్రపాణి గారి చెయ్యి నాకు బాగా తెలుసు. అది గట్టి చెయ్యి. మూలలకి తిరిగొచ్చే చెయ్యి. మీది ఎప్పుడూ పనిచేసినట్టు లేదు."

సభ గొల్లుమంది. ముందు వరసలో మండలి సభ్యులూ నవ్వారు. అంతలోనే ఒక్కొక్కరికీ తమ ఇంట్లో మేకుకు వేలాడే తొడుగులు గుర్తొచ్చి, నోళ్ళు మూతపడ్డాయి.

చక్రపాణి గారు చెమటలు కక్కుతూ, జనం వెనక నిలబడ్డ నూకరత్నాన్ని కళ్ళతో పిలిచారు. "తలుపు తుడిచినట్టు చేసి తెరువు," అన్నారు పళ్ళ మధ్యనుంచి. "తొడుగులేవీ?"

"షెడ్డులో ఒగ్గీసినాను బాబూ. పని అయిపోనాది గదా."

ఆలోచించే వ్యవధి లేక ఆమె ఉత్త చేతినే తలుపు మీద వేసింది. అలవాటుగా బొటనవేలితో అంచు నొక్కింది.

"నమస్కారం చక్రపాణి గారూ!" అంటూ కారు తలుపు తీసింది.

ఆ తర్వాత సభ ఎలా ముగిసిందో చెప్పక్కర్లేదు. జనంలోంచి తప్పించుకునిపోతూ చక్రపాణి గారు ఆమె పక్కన ఒక్క క్షణం ఆగారు.

"నువ్వే నా కొంప ముంచావు. మీ పిల్ల సంగతి ఇంక మరిచిపో."

"నాను కడిగినాను బాబూ. ముంచింది తమరి చెయ్యే."

అలా అనేసిందే గానీ సదనం దాకా నడిచేసరికి ఆమెకి సంగతి తెలిసొచ్చింది. ఉన్న ఒక్క ఆశా పోయింది. గేటు ముందు నిలబడి, అలవాటు చొప్పున "నేనండీ" అని నోరు తెరిచింది.

అక్కడ ఆగిపోయింది. ఇన్నాళ్ళూ పేరు చెప్పింది, ఆ పేరునే వెతికి సున్నా అన్నది ఈ యంత్రం. మరి చెయ్యి సంగతి ఎప్పుడూ అడగలేదే! కారు తననేమని పిలిచిందో ఆమె చెవుల్లో ఇంకా మోగుతోంది.

నోరు మూసుకుని గేటు మీద అరచెయ్యి ఆనించింది.

ద్వారపాలిక వెతకడం మొదలుపెట్టింది. ఊళ్ళో పూత ఉన్న ప్రతి కారునీ, పొయ్యినీ, బీరువానీ అడిగి వస్తోంది కాబోలు.

"నమస్కారం చక్రపాణి గారూ," అంది చివరికి, ఆవరణంతా వినబడేలా. "నమస్కారం భద్రయ్య గారూ. నమస్కారం సర్వలక్ష్మి గారూ. నమస్కారం కలెక్టరు గారూ. నమస్కారం సదనం అధ్యక్షురాలు గారూ..." పేర్లు వస్తూనే ఉన్నాయి. మండలి సభ్యులు, వాళ్ళ భార్యలు, వియ్యంకులు, ఊళ్ళో తొడుగులున్న ప్రతి మహానుభావుడూ వచ్చి నూకరత్నం చేతిలో దూరాడు. లేని పేరు ఒక్కటే. "మీ ఆలనాంకం నగరంలోకెల్లా అత్యధికం. ఎవరి కోసం వచ్చారు?"

"పైడి కోసం," అంది ఆమె.

గేటు తెరుచుకుంది.

లోపల పిల్లలంతా గోడ చాటుకి పోయారు. అంతమంది పెద్దలు ఒక్కసారి వస్తే ఎవరికి భయం వెయ్యదు? చాలాసేపటికి పైడి తల బయటపెట్టి, వీధి ఈ చివరా ఆ చివరా చూసింది. గేటు దగ్గర ఒకే ఒక్క మనిషి నిలబడి ఉంది. పిల్ల పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి ఇంకా కుంకుడు వాసన పోలేదు.

"పెద్దమ్మా, ఆళ్ళందరూ నా కోసరమే వొచ్చినారా? ఏరీ?"

"ఆళ్ళు ఎప్పుడన్నా ఎక్కడికన్నా వొచ్చినారేటే!" అంది నూకరత్నం. "నానే వొచ్చినాను. నడు."